డిగ్రీ పట్టా తర్వాతి మూడేళ్లు

డిగ్రీ చదివినవాళ్లకు రాజ్యాంగం ఒక ఓటు ఎక్కువే ఇచ్చింది. పంచాయతీకో మున్సిపాలిటీకో, అసెంబ్లీకి, లోక్‌సభకు అందరితో పాటు వేసే ఓట్లు పోను, శాసనమండలికి పట్టభద్రుల ఎమ్మెల్సీని ఎన్నుకునే ఓటు అది. 171వ అధికరణ ప్రకారం మండలిలో పన్నెండో వంతు స్థానాలు పట్టభద్రులవి. ఆ లెక్కన 58 మంది సభ్యులున్న ఆంధ్రప్రదేశ్ మండలిలో ఐదు, 40 మందున్న తెలంగాణ మండలిలో మూడు. చదువుకున్నవాళ్లు ఆలోచించి ఓటేస్తారు, కాబట్టి వాళ్ల మాటకు చట్టసభలో విడిగా ఒక చోటు ఉండాలనే నమ్మకం ఈ ఏర్పాటు వెనక ఉంది.

అయితే ఈ ఓటుకు ఒక మెలిక ఉంది. పట్టా చేతికొచ్చిన వెంటనే ఇది రాదు. ఓటర్ల జాబితాకు ప్రామాణికంగా తీసుకునే నవంబరు 1 నాటికి డిగ్రీ పాసై మూడేళ్లు నిండి ఉండాలి. ఆ నియోజకవర్గంలో నివాసం ఉండాలి. ఫారం-18 నింపి, డిగ్రీ రుజువు జతచేసి దరఖాస్తు పెట్టుకోవాలి. పైగా మామూలు ఓటర్ల జాబితాలా ఇది ఒకసారి పేరెక్కితే నిలిచి ఉండేది కాదు. ఆరేళ్లకోసారి ఎన్నిక వచ్చినప్పుడల్లా జాబితా మొదటినుంచి తయారవుతుంది. గతంలో ఓటేసినవాళ్లు కూడా మళ్లీ నమోదు చేసుకోవాల్సిందే.

ఆ మూడేళ్లు ఏ మూడేళ్లో చూస్తే అసలు కథ అర్థమవుతుంది. మహబూబ్‌నగర్‌లోనో ఒంగోలులోనో డిగ్రీ అయిన కుర్రాడు మొదటి ఏడాది అమీర్‌పేటలో కోర్సులో ఉంటాడు. రెండో ఏడాది గచ్చిబౌలి దగ్గర పీజీ హాస్టల్లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటాడు. మూడో ఏడాది బెంగళూరుకో పుణేకో ప్రాజెక్టు మారుతుంది. గ్రూప్స్ దారి పట్టినవాడైతే అశోక్‌నగర్‌లో రీడింగ్ రూమ్‌కి నెలనెలా డబ్బు కడుతుంటాడు. అమ్మాయిల విషయంలో ఇదే కాలంలో పెళ్లి కూడా వచ్చిపడుతుంది, దాంతో ఊరే కాదు జిల్లా కూడా మారుతుంది. అంటే చట్టం ఆగమన్న మూడేళ్లు, ఊరితో పట్టు జారిపోయే మూడేళ్లు ఒకటే. డిగ్రీ చేసినవాళ్లు సమాజాన్ని పట్టించుకోవడం లేదని ఉపన్యాసాల్లో తిట్టేవాళ్లు ఈ చిన్న లెక్క చూడరు. మన పౌర వ్యవస్థ మొత్తం అడ్రస్ మీద నడుస్తుంది. చదువు పూర్తయినవాడికి ఆ కాలంలో లేనిది అదే.

నగరాల పోలింగ్ అంకెల్ని కూడా ఇలాగే చదవాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో భువనగిరి నియోజకవర్గంలో 76.78 శాతం ఓట్లు పడితే, పక్కనే ఉన్న హైదరాబాద్‌లో 48.48 శాతమే పడ్డాయి. జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 2009లో 42 శాతం, 2016లో 45 శాతం, 2020 డిసెంబరు 1న 46.55 శాతం. ప్రతిసారీ టీవీ చర్చల్లో ఒకటే మాట: సాఫ్ట్‌వేర్ వాళ్లు సెలవు తీసుకుని ఇంట్లో పడుకున్నారు. పడుకున్నవాళ్లు లేకపోలేదు. కానీ 2024 మే 13కు ముందు రెండు మూడు రోజులు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయిన కార్లలోనూ, నిలబడే చోటు కూడా లేని బస్సుల్లోనూ ఉన్నది ఎవరు? ఎక్కువమంది వాళ్లే. ఆ ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 81 శాతం దాటింది. హైదరాబాద్ జాబితాలో ఇల్లు మారిపోయినవాళ్ల పేర్లు చాలా ఉంటాయి, అక్కడే ఉంటున్నవాళ్ల పేర్లు చాలా ఉండవు. కూకట్‌పల్లిలో ఏళ్ల తరబడి అద్దెకుంటున్న ఇంజినీరు ఓటు గుంటూరు జిల్లాలో ఉంటుంది. అతను బద్ధకస్తుడేమీ కాదు, ఓటు కోసం రాత్రంతా ప్రయాణం చేశాడు. కాకపోతే తాను రోజూ నడిచే వీధిలో డ్రైనేజీ పొంగితే అడిగే హక్కుదారుల లెక్కలో అతను లేడు. కార్పొరేటర్‌కి ఆ సంగతి బాగా తెలుసు.

దీనికి మందు చట్టంలో ఉంది. ఇల్లు మారితే ఫారం-8 పెట్టి ఓటు మార్చుకోవచ్చు, అద్దె ఇల్లయినా హాస్టలయినా సరే. 18 ఏళ్లు నిండినవాళ్ల నమోదుకు ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు ఉన్నాయి, జనవరి 1 దాకా ఆగక్కర్లేదు. అయినా మార్చుకోరు. కారణం తెలియక కాదు. ఊళ్లో ఓటుంటే నాన్న పరపతి, రేషన్ కార్డులో పేరు, పొలం గట్టు తగాదాలో నలుగురి మాట, ఇవన్నీ దానికి ముడిపడి ఉంటాయి. అద్దె ఇంటి ఓనరు పదకొండు నెలల అగ్రిమెంటు రాసే చోట ఓటు నాటుకోవడానికి మనసొప్పదు. ఊరికీ నగరానికీ మధ్య నలిగే ఈ లెక్కను ఏ ఓటరు చైతన్య ర్యాలీ మార్చలేదు.

క్యాంపస్ ఏం నేర్పి పంపింది?

ఒకప్పుడు క్యాంపస్ నుంచి ప్రజాజీవితానికి దారి నేరుగా ఉండేది. వెంకయ్యనాయుడు ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం నుంచి వచ్చారు, జైపాల్‌రెడ్డి ఉస్మానియా నుంచి వచ్చారు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం, 2009లో మళ్లీ ఉస్మానియా, అన్నీ హాస్టళ్ల నుంచి రోడ్డెక్కినవే. కానీ ఉద్యమం వేరు, రోజువారీ పౌర జీవితం వేరు. రెండోదానికి శిక్షణ ఇచ్చేది విద్యార్థి సంఘం ఎన్నిక. అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988 నుంచి ఆగిపోయింది. క్యాంపస్ హింసను కారణంగా చూపారు, అందులో నిజం లేకపోలేదు. తాత్కాలికమనుకున్నది రెండు తరాలు గడిచినా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో తిరిగి రాలేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం (హెచ్‌సీయూ)లో మాత్రం ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. విద్యార్థి సంఘం ఎన్నికల తీరు మీద వేసిన లింగ్డో కమిటీ సిఫార్సుల్ని 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు ఐదు వేలు మించకూడదు, 75 శాతం హాజరుండాలి, వయసుకు పరిమితి ఉండాలి. ఈ షరతులతో ఎన్నికలు పెట్టే వీలు ఉంది. పెట్టలేదు.

సంఘం ఎన్నికలు ఆగడంతో పోయింది నాయకులొక్కరే అనుకుంటే పొరపాటు. నాయకులు ఎలాగోలా పుడతారు. పోయింది మిగతా తొంభై తొమ్మిది మందికి అలవాటయ్యే పని. మెస్ బిల్లు మీద మీటింగు పెట్టడం, మినిట్స్ రాయడం, వసూలు చేసిన చందాకు లెక్క చెప్పడం, ఓడిపోయి మర్నాడు అదే క్లాసులో గెలిచినవాడి పక్కన కూర్చోవడం. అపార్ట్‌మెంట్ సంఘం మీటింగు చూసినవాళ్లకి ఈ అలవాటు లేకపోతే ఏమవుతుందో తెలుసు. ఇంజినీర్లు, డాక్టర్లు, బ్యాంకు అధికారులు అందరూ ఉంటారు. వాచ్‌మన్ జీతం దగ్గర గొడవ మొదలై వాట్సాప్ గ్రూపులో తిట్లతో ముగుస్తుంది.

ఎన్నికలు లేని క్యాంపస్‌లో పార్టీల అనుబంధ విద్యార్థి సంఘాలు మిగిలాయి. ఏబీవీపీ, ఎస్‌ఎఫ్‌ఐ, ఏఐఎస్‌ఎఫ్, పీడీఎస్‌యూ, ఎన్‌ఎస్‌యూఐ. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద ఏటా కలెక్టరేట్ల ముందు కూర్చునేది వాళ్లే, ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ వాళ్లలో చేరడమంటే జెండా పట్టుకోవడమే. జెండా ఇష్టం లేని కుర్రాడికి, ‘రాజకీయాల్లో వేలు పెట్టకు, చదువుకో’ అని ఇంటి నుంచి రోజూ వినే అమ్మాయికి క్యాంపస్‌లో పౌరులుగా చేయడానికి మరో పని కనపడదు.

కనపడేది జాతీయ సేవా పథకం, ఎన్‌ఎస్‌ఎస్ ఒకటి. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో మొదలైన పథకం అది. రెండేళ్లలో 240 గంటలు సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఆ శిబిరం ఎలా ఉంటుందో చేసినవాళ్లందరికీ గుర్తే: దత్తత గ్రామంలో బడి ఆవరణ ఊడ్చడం, ప్లాస్టిక్ ఏరడం, మొక్కలు నాటడం, సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమం, ఆఖరి రోజు సర్పంచ్‌తో ఫొటో. పని మంచిదే, పల్లె మొహం చూడని పిల్లలు చూస్తారు. లోపం ఒక్కచోట ఉంది. ఏడు రోజులున్నా ఆ పంచాయతీ బడ్జెట్ ఎంత, పారిశుద్ధ్యానికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని ఎవరూ అడగరు, అడగమని ఎవరూ చెప్పరు. వీధి ఊడ్చి వచ్చినవాడికి ఆ వీధి ఊడ్చాల్సింది ఎవరన్న ప్రశ్న తట్టకుండానే సర్టిఫికెట్ వస్తుంది. సేవ, పౌరసత్వం ఒకటే అనే అభిప్రాయం అక్కడ పాతుకుంటుంది. తర్వాత అది కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) పేరుతో జరిపే శనివారాల్లోనూ కొనసాగుతుంది. రక్తదానం, దుప్పట్ల పంపిణీ, అనాథాశ్రమంలో పుట్టినరోజు. ఎవరితోనూ పేచీ లేని పనులు.

అశోక్‌నగర్ పౌరులు

ఆ మూడేళ్లలో రాజకీయంగా బాగా వేడిగా ఉండేవాళ్లు ఎవరంటే పోటీ పరీక్షలకు చదివేవాళ్లు. రాజ్యాంగం, పంచాయతీరాజ్ చట్టం, స్థానిక సంస్థల మీద చేసిన 73, 74 సవరణలు కంఠతా వచ్చినవాళ్లు దేశంలో ఎక్కడైనా గుంపుగా దొరుకుతారంటే అది అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లోనే. 2023 మార్చిలో ప్రభుత్వ ఉద్యోగ పరీక్షల పేపర్ లీకేజీ బయటపడినప్పుడు, 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్‌కు ముందు, ఆ పరీక్షకు అభ్యర్థుల ఎంపికలో రిజర్వేషన్ల లెక్క మార్చిన జీవో 29 మీద గొడవ జరిగినప్పుడు రోడ్డు మీదికొచ్చింది వాళ్లే. కోర్టు కేసులు వేసుకున్నారు, చందాలు వేసుకుని లాయర్లను పెట్టుకున్నారు. ఇంత చేయగలిగినవాళ్లు ఆ గదులున్న డివిజన్‌లో తాగునీటి గురించి ఒక్క దరఖాస్తూ పెట్టరు. తమాషాగా అనిపించినా కారణం తేలికే. వాళ్ల దృష్టిలో అది ఉండే చోటు కాదు, వెళ్లిపోయే చోటు. అందుకే వాళ్ల పౌర జీవితమంతా నోటిఫికేషన్ చుట్టూ తిరుగుతుంది.

ఆ కోపానికి బ్యాలెట్ మీద మొహం దొరికింది 2023 నవంబరులో. బర్రెల్ని కాస్తూ, డిగ్రీలు చదివినా నోటిఫికేషన్లు రావడం లేదని చెప్పిన ఒక వీడియోతో బర్రెలక్కగా పేరుపడ్డ కర్నె శిరీష కొల్లాపూర్ నుంచి ఇండిపెండెంట్‌గా నిలబడింది. ఈల గుర్తు. రాష్ట్రమంతా ఆమె గురించి మాట్లాడింది. హైకోర్టు భద్రత కల్పించమంది. వచ్చిన ఓట్లు 5,754. ఆ అంకెను ఓటమిగా కొట్టిపారేసినవాళ్లు, విజయంగా పొగిడినవాళ్లు ఇద్దరూ ఉన్నారు. డబ్బు, పార్టీ లేని ఒక డిగ్రీ అమ్మాయికి అసెంబ్లీ ఎన్నికలో అన్ని ఓట్లు రావడం చిన్న విషయం కాదు. అయితే ఆమె ప్రచారానికి దూరం నుంచి వచ్చినవాళ్లు, ఫోన్లలో షేర్ చేసినవాళ్లు వేలల్లో ఉన్నా, వాళ్ల ఓట్లు కొల్లాపూర్‌లో లేవు. మళ్లీ అడ్రస్ దగ్గరికే వచ్చింది.

జంబో బ్యాలెట్ ముందు

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక నిజానికి వీళ్లకోసమే ఉన్నట్టుండాలి. 2021 మార్చిలో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ స్థానానికి 93 మంది, వరంగల్-ఖమ్మం-నల్గొండకు 71 మంది పోటీ చేశారు. దినపత్రిక అంత బ్యాలెట్ పేపరు, మడిచి పెట్టెలో వేయడానికే తంటా. పార్టీ గుర్తులుండవు. అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్య క్రమం రాయాలి. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన వంగపండు రంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలి. జేబులోని పెన్నుతో రాస్తే చెల్లదు. టిక్కు పెడితే చెల్లదు, సంతకం చేస్తే చెల్లదు, 1 వేయకుండా 2తో మొదలుపెడితే చెల్లదు.

2025 ఫిబ్రవరి 27న కరీంనగర్-నిజామాబాద్-ఆదిలాబాద్-మెదక్ స్థానానికి పోలైన రెండున్నర లక్షల ఓట్లలో చెల్లనివి 28 వేలకు పైనే తేలాయి. అంటే దాదాపు తొమ్మిదిమందిలో ఒకరు. గెలిచిన అభ్యర్థికి వచ్చిన ఆధిక్యం ఐదు వేల పైచిలుకు. చదువుకున్నవాళ్ల ఓటు అని విడిగా పెట్టిన ఎన్నికలో చెల్లని ఓట్లు గెలుపోటముల తేడాకు ఐదు రెట్లు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది, ‘ఇదీ మన పట్టభద్రుల తెలివి’ అని సోషల్ మీడియాలో మీమ్స్ తిరిగాయి కూడా. తప్పు వాళ్లొక్కరిదే అనలేం. ఈవీఎం మీట తప్ప మరోటి ఎరగని తరం అది. ప్రాధాన్య ఓటు వేయడం జీవితంలో అదే మొదటిసారి, మళ్లీ ఆరేళ్ల దాకా రాదు. క్యాంపస్‌లో ఏటా ప్రతినిధిని ఇదే పద్ధతిలో ఎన్నుకున్న అలవాటుంటే ఇంతమంది తడబడేవాళ్లు కాదు.

ఇందులో మరో చిక్కుంది. జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది కాబట్టి, నమోదు చేయించే శ్రమ ఎవరు తీసుకుంటే ఓటర్లు వాళ్లవాళ్లవుతారు. పోటీకి దిగాలనుకున్నవాళ్లు ఏడాది ముందు నుంచే ఫారం-18లు కట్టలు కట్టలుగా నింపిస్తారు. విద్యాసంస్థలు నడిపేవాళ్లకు, పెద్ద పార్టీలకు, ఉద్యోగ సంఘాలకు అది తేలిక. పూర్వ విద్యార్థుల జాబితా చేతిలోనే ఉంటుంది. ఓటర్లు అభ్యర్థిని ఎన్నుకోవడానికి ముందే అభ్యర్థులు ఓటర్లను ఎన్నుకుంటారు. ప్రొఫెసర్ నాగేశ్వర్ 2007లో, 2009లో హైదరాబాద్ పట్టభద్రుల స్థానం నుంచి స్వతంత్రంగా గెలిచిన రోజులు దూరమైపోయాయి. ఇప్పుడు ఈ ఎన్నికలు పెద్ద పార్టీల బలపరీక్షలు. 2023 మార్చిలో ఆంధ్రలో మూడు పట్టభద్రుల స్థానాలూ టీడీపీ గెలిచినప్పుడు, ఏడాది తర్వాతి అసెంబ్లీ ఎన్నికలకు అది సూచన అనే అందరూ చదివారు. గెలిచిన ముగ్గురు మండలిలో ఏం అడిగారో ఆ తర్వాత పట్టించుకున్నవాళ్లు తక్కువ.

కాగితం చదవగలిగినవాడి పని

మరి పట్టభద్రుల చదువు ఊరికి నిజంగా ఎక్కడ ఉపయోగపడింది? ఓటు దగ్గర కంటే రికార్డు దగ్గర. దీనికి తెలుగు నేల దేశానికే చూపించిన ఉదాహరణ ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై, 2009లో దానికోసం ఒక సొసైటీ విడిగా ఏర్పడింది. తనిఖీ చేసింది పెద్ద ఆడిటర్లు కాదు. కూలీల కుటుంబాల్లో చదువుకున్న యువతకు శిక్షణ ఇచ్చి పంపేవాళ్లు.

పని ఇలా జరిగేది. బృందం మండలంలో దిగి మస్టర్ రోళ్లు (కూలీల హాజరు పట్టీలు), ఎం-బుక్కులు (పని కొలతల పుస్తకాలు), చెల్లింపుల కాగితాలు తీసుకుంటుంది. ఊళ్లోనే ఉంటూ ఇంటింటికీ తిరుగుతుంది. ‘అమ్మా, చెరువు పూడికలో ఎన్ని రోజులు చేశావు? ఎంత చేతికొచ్చింది?’ అని అడిగి, జాబ్‌కార్డులో రాసింది, మస్టరులో రాసింది పక్కపక్కన పెట్టి చూస్తుంది. చనిపోయిన మనిషి పేరున హాజరు పడిందా, హైదరాబాద్‌లో కూలికెళ్లినవాడు ఇక్కడ మట్టి తవ్వినట్టుందా, ఒకే చేతి వేలిముద్రలు పదిమంది పేర్లకు ఎదురుగా ఉన్నాయా. తర్వాత టేపు పట్టుకుని పని జరిగిన చోటికి వెళ్లి కొలతలు తీస్తారు. చివర్లో మండల కేంద్రంలో షామియానా వేసి ప్రజావేదిక. ఊరి పేరు పిలుస్తారు, కనుగొన్నది మైకులో చదువుతారు. ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, అధికారులు ఎదురుగా కూర్చుంటారు. ఆరోపణ చేసిన కూలీ లేచి నిలబడి చెప్పాలి. ఒత్తిళ్లుండేవి, సాక్షులు అక్కడికక్కడే మాట మార్చేవాళ్లు. రికవరీ రాసిన డబ్బు అంతా తిరిగి రాలేదు, శిక్షలు చాలాచోట్ల తేలిపోయాయి. ఇవన్నీ నిజమే. అయినా వేల మంది గ్రామీణ యువత ఒక ప్రభుత్వ రికార్డును ఎలా చదవాలో, ఎక్కడ అనుమానించాలో, దాన్ని పదిమంది ముందు నిర్భయంగా ఎలా చెప్పాలో నేర్చుకుంది అక్కడే. ఏ డిగ్రీ సిలబస్‌లోనూ లేని ప్రాక్టికల్ అది. ఎన్‌ఎస్‌ఎస్ ఏడు రోజుల శిబిరంలో ఒక్క రోజు దీనికిస్తే ఎలా ఉంటుందో ఏ విశ్వవిద్యాలయమూ ఆలోచించినట్టు లేదు.

సమాచార హక్కు చట్టం కూడా ఈ కోవలోదే. 2005 నుంచి ఉంది. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది. ఎందుకు అడుగుతున్నావని అధికారి అడగకూడదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, లేకపోతే అప్పీలు. అడ్రస్ సమస్య దీనికి లేదు. పుణేలో ఉద్యోగం చేస్తూ కూడా సొంత ఊరి బడికి వచ్చిన నిధుల లెక్క అడగొచ్చు, దేశంలో ఎక్కడున్నా పౌరుడైతే చాలు. దీనికి కావాల్సింది ఓపిక, దరఖాస్తు సూటిగా రాయడం వచ్చి ఉండటం. ‘మా ఊరి అభివృద్ధి వివరాలు ఇవ్వగలరు’ అని రాస్తే ఏమీ రాదు. ‘2023-24లో వీధి దీపాల కొనుగోలుకు సంబంధించిన బిల్లుల నకళ్లు’ అని రాస్తే ఇవ్వక తప్పదు. ఊళ్లో నాన్నకు ఇబ్బంది వస్తుందేమోనన్న భయం మాత్రం దూరం వల్ల తగ్గదు. అది ఉత్తుత్తి భయమూ కాదు.

ఉద్యోగాల్లో కుదురుకున్నాక వెనక్కి వచ్చేవాళ్ల తీరు వేరుగా ఉంటుంది. వాళ్లు ‘సమాజం’ అనే పెద్ద పేరుతో రారు, ఒక చెరువో ఒక చెట్టో పట్టుకుని వస్తారు. హైదరాబాద్-బీజాపూర్ రహదారిలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు, చేవెళ్ల దారిలోని వందలాది పాత మర్రిచెట్ల కోసం నిలబడినవాళ్లలో చాలామంది ఇలాంటి ఉద్యోగులే. నినాదాలతో ఆగకుండా సెలవు రోజుల్లో వెళ్లి చెట్టుచెట్టునూ లెక్కపెట్టి, చోటు గుర్తులు నమోదు చేశారు. జాతీయ హరిత ట్రైబ్యునల్ చెన్నై బెంచ్‌కు వెళ్లారు. ఏళ్లు పట్టింది. రోడ్డు లేక ప్రమాదాల్లో పోతున్నవాళ్ల సంగతేంటని చేవెళ్ల జనం వాళ్లను గట్టిగా నిలదీశారు, అది న్యాయమైన ప్రశ్న. చివరికి ప్లాన్ మార్చి చాలా చెట్లను ఉన్నచోటే ఉంచేందుకు రహదారుల సంస్థ ఒప్పుకుంది. 2025 వసంతంలో ప్రభుత్వం చదును చేయించబోయిన, వర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం హెచ్‌సీయూ విద్యార్థులు బుల్‌డోజర్ల ముందు నిలబడినప్పుడు వాళ్లకు తోడుగా బయటి నుంచి పిటిషన్లు, పక్షుల జాబితాలు, ఉపగ్రహ చిత్రాలు అందించినవాళ్లూ ఈ బాపతువాళ్లే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. విద్యార్థి దగ్గర సమయం, తెగింపు ఉంటాయి. ఐదారేళ్లు ఉద్యోగం చేసినవాడి దగ్గర ఓపిక, కాస్త డబ్బు, కాగితం పని ఉంటాయి. ఈ రెండూ కలిసిన చోటే ఏదైనా కదిలింది.

పార్టీ పెట్టి ఈ శక్తిని కూడగట్టాలని చూసిన లోక్‌సత్తా సంగతి తెలిసిందే. 1996లో ఉద్యమంగా మొదలై 2006లో పార్టీ అయింది. 2009లో కూకట్‌పల్లి నుంచి జయప్రకాశ్ నారాయణ ఒక్కరే గెలిచారు. ఉద్యోగాలు మానేసి వచ్చిన కుర్రాళ్లు ఆ తర్వాత చెల్లాచెదురయ్యారు. దానికి పూర్తిగా ఎదురు ప్రయోగం 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన వలంటీర్ల వ్యవస్థ. యాభై ఇళ్లకొకరు, నెలకు ఐదు వేల గౌరవ వేతనం, రాష్ట్రమంతటా రెండున్నర లక్షలకు పైగా యువత. ఊరు వదలకుండా, ఇంటింటి కష్టం తెలుసుకునే అవకాశం అంతమందికి ఎన్నడూ రాలేదు. అందులో డిగ్రీలు చేసినవాళ్లు బోలెడుమంది. అయితే వాళ్లు ప్రశ్నించాల్సినవాళ్ల చేతి కింద పనిచేశారు. పింఛను ఇంటికి చేర్చారు, పింఛను ఎందుకు ఆగిందని గట్టిగా అడిగే వీల్లేదు. 2024 ఎన్నికల ముందు పంపిణీకి దూరంగా ఉంచమని ఎన్నికల సంఘం చెప్పింది, చాలామంది చేత రాజీనామాలు చేయించారు, ప్రభుత్వం మారాక వ్యవస్థే ఆగిపోయింది. ఐదేళ్ల అనుభవం ఉన్న అంతమంది ఇప్పుడు ఊళ్లలో ఏం చేస్తున్నారన్నది ఎవరికీ పట్టని విషయం.

గ్రామసభలకు వస్తే, తెలంగాణ 2018 చట్టం రెండు నెలలకోసారి పెట్టాలంటోంది. ఆంధ్రలో 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో పెట్టారు. అది శుక్రవారం, పనిదినం. గ్రామసభ పనిదినాన పెడితే ఉద్యోగి సెలవు పెట్టి వస్తే తప్ప కుదరదు. పండక్కి ఊరంతా నిండిన రోజుల్లో, సంక్రాంతి మర్నాడో దసరా మర్నాడో ఒక సభ పెడితే బయట ఉన్న చదువుకున్నవాళ్లందరూ అక్కడే ఉంటారు. చట్టం దీనికి అడ్డు చెప్పదు. అధికారులకు ఆ రోజు సెలవు కావాలి, సర్పంచ్‌కు ఆ ప్రశ్నలు అక్కర్లేదు. 2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతల్లో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో ఉద్యోగాలు మాని, చదువు ముగించి ఊరికొచ్చి నిలబడ్డ యువత కొందరు గెలిచారు. 21 ఏళ్లు నిండితే చాలు పోటీకి. వాళ్లకైనా గ్రామసభ తేదీ మార్చుకోవడం చేతిలో పని.

తెలంగాణలో 2021లో నిండిన రెండు పట్టభద్రుల స్థానాలకు, హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్‌కు, వరంగల్-ఖమ్మం-నల్గొండకు, గడువు 2027 మార్చితో తీరుతుంది. జాబితాకు ప్రామాణిక తేదీ 2026 నవంబరు 1 అయితే, 2023 నవంబరు 1కి ముందు డిగ్రీ పాసైనవాళ్లు అర్హులు. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి అడ్రస్‌తో ఫారం-18 పెట్టుకోవచ్చు, సొంత ఊరి ఓటరు కార్డు ఉండటం దీనికి అడ్డు కాదు. గతసారి పేరున్నా లెక్కలోకి రాదు. ఆంధ్రలో 2023లో ఎన్నికైన మూడు స్థానాలకు 2029 మార్చి దాకా సమయముంది. ఈ ఏడాది డిగ్రీ చేతికొచ్చినవాళ్లు అప్పటికి ఏ ఊళ్లో ఉంటారో, ఏ అడ్రస్ రాస్తారో వాళ్లకే తెలియదు.